ఆకాశ తరంగానికి తాఖీదు

మా రేడియో స్టేషను చేసిన నేరం ఏమిటంటే, అది పోర్టుబ్లెయిరులో వినిపించింది.

ఇది జనం ఇంకా పోస్టుకార్డులు రాసుకుంటున్న కాలం నాటి మాట. కొత్తరేవులో తీర ప్రసార మండలి వారి చిన్న రేడియో స్టేషనుకి నేను ఇంజనీరుని. పేరు వసంతరావు పట్నాయక్. స్టేషనంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, దాని పక్కన ఆకాశంలోకి లేచిన ఇనప స్తంభం, అనౌన్సరు శ్యామలాంబ గారు, బంట్రోతు డిల్లేసు, నేను. పొద్దున కూరగాయల ధరలు, మధ్యాహ్నం పాటలు, సాయంత్రం ఆరున్నరకి జాలర్లకి వాతావరణం. మొదటి రెండూ ఒకరోజు ఆగిపోయినా ఎవరికీ ఏమీ కాదు. మూడోది అలా కాదు. వేటకెళ్ళే పడవల్లో ట్రాన్సిస్టరుని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి తీసుకుపోయేవారు. ఆరున్నరకి మూట విప్పి, శ్యామలాంబ గారు రేపటి గాలి సంగతి ఏం చెబుతారో విని, అక్కడే ఉండాలో ఒడ్డుకి తిరగాలో తేల్చుకునేవారు.

ఒకరోజు పోర్టుబ్లెయిరు నుంచి కార్డు వచ్చింది. రాసినాయన టైలరు బగాది నీలకంఠం. ముప్ఫై ఏళ్ళ క్రితం మన వైపు నుంచే వలస వెళ్ళాట్ట. ‘ప్రతి సాయంత్రం తమ సముద్రం కబుర్లు మాకు శుభ్రంగా వినిపించుచున్నవి. అనౌన్సరమ్మగారి గొంతు వింటే మా ఆవిడకి పుట్టిల్లు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకొనుచున్నది’ అని రాశాడు. శ్యామలాంబ గారు ఆ కార్డుని నాలుగుసార్లు చదువుకున్నారు. నేను దాన్ని నోటీసు బోర్డుకి గుచ్చాను. నా బుద్ధి గడ్డి తినిందని తరవాత తెలిసింది.

సరిగ్గా ఆ వారమే మాకు క్రమశిక్షణాధికారి వచ్చారు. మండలి ఉద్యోగులు శుక్రవారం మధ్యాహ్నం ఇళ్ళకి పోయి సోమవారం భోజనాల వేళకి తిరిగొస్తున్నారని హెడ్డాఫీసువారికి కోపం వచ్చి, ఊరికొక క్రమశిక్షణాధికారిని వేశారు. మాకు దక్కినవారు చెరుకుపల్లి విరూపాక్షం గారు. ఆయన చేతిలో ఒకే ఒక్క నియమం ఉండేది. మండలికి చెందిన ఏ మనిషీ, ఏ వాహనమూ, ఏ వస్తువూ లిఖితపూర్వక అనుమతి లేకుండా హెడ్‌క్వార్టరు వదలరాదు. హెడ్‌క్వార్టరంటే ఉద్యోగం ఉన్న జిల్లా.

ఆయన నోటీసు బోర్డు ముందు ఆగి కార్డు చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు.

“ఏమిటిది?”

“మెచ్చుకుంటూ రాశారండి.”

“మెచ్చుకోలు కాదిది, ఫిర్యాదు. మన తరంగం జిల్లా దాటి తిరుగుతోందని ఒక బాధ్యతగల పౌరుడు లిఖితపూర్వకంగా తెలియపరచుకున్నాడు. చిరునామాతో సహా.”

ఆ మధ్యాహ్నమే నాకు మెమో అందింది. ‘మండలి ఆస్తి అయిన తరంగము ఏ అధికారి అనుమతితో, ఏ మార్గమున, ఏ పని నిమిత్తము హెడ్‌క్వార్టరు వదలి పోర్టుబ్లెయిరు వెళ్ళుచున్నదో ఇరువది నాలుగు గంటలలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

కాగితం మీద రాస్తే అర్థం కాదేమోనని నేనే స్వయంగా వెళ్ళాను.

“స్తంభం దగ్గర బయల్దేరే తరంగం రెండు దారులు పడుతుందండి,” అన్నాను. “ఒకటి నేలని అంటిపెట్టుకుని పోతుంది. పొడినేల మీదా కొండల మీదా తొందరగా నీరసించిపోతుంది, ఉప్పునీటి మీద మాత్రం చాలా దూరం పోతుంది. రెండోది పైకి పోతుంది. చాలా ఎత్తున, ఎండ తగిలి విద్యుత్తు పట్టిన గాలి పొరలున్నాయండి. పగటిపూట కింది పొర ఈ తరంగాన్ని మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ కింది పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి వెళ్ళి, పై పొరకి తగిలి, వంగి, వందల మైళ్ళ అవతల దిగుతుంది.”

ఆయన శ్రద్ధగా విన్నారు. మంచి శ్రోత. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

“అంటే, ఆఫీసు వేళల్లో హెడ్‌క్వార్టరులో ఉండి, పొద్దుగూకగానే ఊరు దాటుతుందన్నమాట.”

“అంతేనండి.”

“అంటే దానికి తెలుసు.”

“ఏం తెలుసండి?”

“తనిఖీ ఎప్పుడు ఉండదో.”

ఆయన కలం మూత తీశారు. “ఆ పై పొర ఏ శాఖ కింద ఉంది?”

“శాఖ కాదండి, సూర్యుడి చేతిలో ఉంది.”

“సూర్యుడితో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే అధికారం నాకు లేదు. నా పరిధిలో ఉన్నది తరంగం. దాని సంగతే చూద్దాం.”

మర్నాడు స్తంభం మొదట్లో ఒక స్టూలు, స్టూలు మీద డిల్లేసు, డిల్లేసు ఒళ్ళో రాకపోకల రిజిస్టరు వెలిశాయి. మేం బజారుకి వెళ్ళినా సంతకం పెట్టి వెళ్ళే రిజిస్టరే అది. తరంగం తరఫున డిల్లేసు నింపాలి. మొదటి రోజు అతను రాసింది నేను చూశాను. ‘వెళ్ళిన సమయం: సాయంత్రం ఆరు. ఎటు: పైకి. పని: చెప్పలేదు.’ ఇంతవరకూ బాగానే ఉంది. తిరిగి వచ్చిన సమయం దగ్గర అతను ఆగిపోయాడు.

“బాబూ, ఎల్లిన తరంగం ఎప్పుడొత్తాది?”

“రాదు డిల్లేసూ. వెళ్ళిపోవడమే.”

ఆ మాట అతను నిజాయితీగా రాసేశాడు. వారం తిరిగేసరికి ఆ పేజీ చూసి విరూపాక్షం గారి మొహం పాలిపోయింది. వెళ్ళినవి వెళ్ళినట్టే ఉన్నాయి, ఒక్కటీ తిరిగి విధుల్లో చేరలేదు. ఇన్నేళ్ళుగా ఈ స్టేషను నుంచి ఎన్ని పోయాయో ఊహించుకుని ఆయన ఆ రోజు భోజనం చెయ్యలేదని డిల్లేసు చెప్పాడు. నాకు నిజంగానే జాలి వేసింది.

నేల వెంట పోయే తరంగమైనా బుద్ధిగా ఉంటుందేమోనని ఆయనకొక ఆశ. జీపులో నన్ను జిల్లా సరిహద్దు రాయి దగ్గరికి తీసుకెళ్ళారు. రాయికి ఇవతల నిలబడి ట్రాన్సిస్టరు పెట్టారు. పాట వినిపించింది. తల ఊపారు. ఒక అడుగు అవతలికి వేశారు. అదే పాట, అదే చరణం. మరో పది అడుగులు వేశారు. చరణం పూర్తయి పల్లవి కూడా అందుకుంది. ఆయన వెనక్కి వచ్చి రాయి మీద చెయ్యి ఆన్చారు.

“రాయి కనబడేలా సున్నం కొట్టి ఉంది పట్నాయక్ గారూ,” అన్నారు చివరికి. “కనబడలేదని చెప్పడానికి కూడా లేదు.”

ఇక ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. తాఖీదు తరంగం పేరనే తయారైంది. ఇవ్వడానికి వెళితే పుచ్చుకునేవారెవరూ లేరు. మనిషి చిక్కనప్పుడు ఇంటి తలుపుకి అంటించడం ఆఫీసుల్లో మామూలే గనక, తాఖీదుని మైదా జిగురుతో స్తంభానికి అంటించారు. టీకొట్టు ఆయన్నీ, సైకిలు షాపు ఆయన్నీ పిలిచి పంచనామా రాయించారు. ‘పై తరంగము మా సమక్షమున పలుమార్లు పిలువబడియు బదులు పలుకనందున’ అని అందులో ఉంది. నిజానికి ఆ సమయంలో అది కంద ధర చెబుతోంది. కానీ పంచనామాలో దానికి గడి లేదు.

ఏడు రోజులు గడువు. ఏడు రోజులూ తరంగం కిమ్మనలేదు. సంజాయిషీ రానందువల్ల నేరం ఒప్పుకున్నట్టే భావించి, దాన్ని సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు సస్పెండు చేశారు. రోజూ సాయంత్రం ఐదున్నరకి డిల్లేసు చేతుల మీదుగా ట్రాన్స్‌మిటరు గదికి తాళం, తాళానికి లక్క, లక్క మీద విరూపాక్షం గారి ముద్ర.

“మరి ఆరున్నరకి జాలర్ల వాతావరణం?” అన్నాను.

“కార్యక్రమాల పట్టిక హెడ్డాఫీసు ఆమోదించినది. దాన్ని మార్చే అధికారం నాకు లేదు. ఆరున్నరకి చదవవలసిందే.”

“ఎవరికండి?”

“పట్టికలో ఎవరికి అని లేదు. చదవాలి అని ఉంది.”

ఆ రోజు నుంచి శ్యామలాంబ గారు ఆరున్నరకి స్టూడియోలో కూర్చుని, ప్రాణం లేని మైకు ముందు, ఉత్తరం గాలి ఎంత, అలల ఎత్తు ఎంత అని స్పష్టంగా చదివేవారు. డిల్లేసు ఎదురుగా నిలబడి విని, ‘చదవడమైనది’ అని సంతకం చేసేవాడు.

“పట్నాయక్ గారూ, ఈ ఊళ్ళో నా ఎదురుగోడకి తెలిసినంత వాతావరణం ఇంకెవరికీ తెలీదు,” అన్నారావిడ నాలుగోరోజున. నవ్వుతూనే అన్నారు గానీ గొంతులో నవ్వు లేదు.

ఐదోరోజు శుక్రవారం. చేపల తట్టతో సూరాడ పోలమ్మ గేటు దగ్గరికి వచ్చింది. స్టేషను వీధిలో ఆవిడ దగ్గర చేపలు కొననివాళ్ళు లేరు. భర్త ఎల్లాజీ పడవలో మరో నలుగురితో వేటకెళ్తాడు.

“బాబూ, మీ రేడియో పాడైపోనాదా ఏటి? మొన్న ఒడ్డుకొచ్చినోలు సెప్పినారు. ఆరున్నరకి గుర్రుమని సప్పుడే గాని మడిసి మాట నేదంట. అయినా రోజూ మూటిప్పి సూత్తన్నారంట, ఇయాల పలుకుద్దేమోనని. మావోడు నిన్న మల్లా ఎల్లిపోనాడు. మంగలారం దాకా రాడు.”

నాకు సిగ్గు వేసింది. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి విరూపాక్షం గారి ముందు నిలబెట్టాను. ఆయన లేచి కుర్చీ చూపించారు. కసురుకోవడం ఆయన పద్ధతి కాదు.

“చెప్పండమ్మా. మీ ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?”

“సముద్రంలోన బాబూ.”

“సముద్రం ఏ జిల్లాలో ఉంది?”

“సముద్రానికి జిల్లా ఏటి బాబూ?”

“విన్నారా పట్నాయక్ గారూ, ఆవిడే ఒప్పుకుంటోంది.” ఆయన మళ్ళీ ఆవిడ వైపు తిరిగారు. “జిల్లాలో లేని మనిషి కోసం జిల్లా తరంగాన్ని బయటికి పంపమంటున్నారు. నేను కాదనను. అనుమతికి దరఖాస్తు పెట్టుకోండి. మీ ఆయన ఉన్న చోటుకి సర్వే నంబరూ, నాలుగు వైపులా హద్దులూ రాయించి తీసుకురండి. ఒక్కరోజులో పని చేసిపెడతాను.”

పోలమ్మ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. “తూరుపున నీల్లు. పడమట నీల్లు. ఉత్తరాన నీల్లు, దచ్చినాన నీల్లు. రాసుకోండి బాబూ.”

ఆయన రాసుకున్నారు. ఒట్టు, నాలుగూ రాసుకున్నారు.

“సర్వే నంబరు?”

“నంబరు నాకు తెల్దు. కింద కూడా నీల్లే. పైన మావోడున్నాడు.”

“నంబరు లేకుండా హద్దులు చెల్లవమ్మా,” అన్నారాయన, ఎంతో విచారంగా.

బయటికి వచ్చాక పోలమ్మ తట్ట ఎత్తుకోలేదు. “ఆయన మంచోడినాగే మాటాడతన్నాడు బాబూ. అదే నాకు బయమేత్తంది,” అంది. నాకూ అదే భయం.

శనివారం సాయంత్రం ఆరుకి పది నిమిషాలుందనగా వాతావరణ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. వాయుగుండం తుపానుగా మారింది. రేపు మధ్యాహ్నానికి తీరం తాకుతుంది. పడవలన్నీ తెల్లారేలోగా ఒడ్డు చేరాలి. నేను రాసుకున్న కాగితం చెమటకి తడిసింది. ట్రాన్స్‌మిటరు గదికి తాళం పడి ఇరవై నిమిషాలైంది.

హెడ్డాఫీసుకి ట్రంకు కాలు బుక్ చేస్తే రేపు పొద్దున దొరకొచ్చు అన్నారు. విరూపాక్షం గారి క్వార్టరుకి పరిగెత్తాను. స్తంభానికి రెండు ఫర్లాంగులు కూడా లేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అరుగు మీద డిల్లేసు కూర్చున్నాడు.

“సారుగారికి జొరం బాబూ. మందేసుకుని తొంగున్నారు. ఎవులొచ్చినా లేపొద్దన్నారు.”

“తుపాను వస్తోంది డిల్లేసూ. తుపానొచ్చినా లేపొద్దన్నారా?”

“తుపాను పేరు పెత్తేకంగా సెప్నేదు బాబూ. ఎవులొచ్చినా అన్నారు.”

తిరిగి వచ్చేసరికి ఆరుంపావు. గేటు దగ్గర పోలమ్మ నిలబడి ఉంది. గాలి సంగతి ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు, సముద్రం చూసి వచ్చింది. నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే నియమాలు చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. ప్రభుత్వ ముద్ర పగలగొడితే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది, ఇంకో ఉద్యోగం రాదు. అయినా పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీసి లక్క మీద ఒకటి, తాళం మీద మూడు వేశాను.

ట్రాన్స్‌మిటరు వేడెక్కుతుండగా శ్యామలాంబ గారు కాగితం అందుకున్నారు.

“ఇవాళ గోడకి కాదుగా?”

“కాదండి.”

ఆవిడ దాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారి, ‘పడవలన్నీ వెనక్కి రండి, ఇది మీ ఇంటి నుంచి చెబుతున్న మాట అనుకోండి’ అని కాగితంలో లేని ముక్క ఒకటి కలిపారు. నేను ఆపలేదు.

నేల తరంగం ఉప్పునీటి మీదుగా తన పని తను చేసుకుపోయింది. ఆదివారం తెల్లారేసరికి వేటకెళ్ళిన పదకొండు పడవలూ ఇసుక మీదున్నాయి. ఎల్లాజీ పడవ అందరికంటే ఆఖర్న వచ్చింది. తుపాను మధ్యాహ్నం వచ్చి, కొట్టవలసిన పెంకులన్నీ కొట్టి, సాయంత్రానికి వెళ్ళిపోయింది.

మంగళవారం విచారణ జరిగింది. విరూపాక్షం గారు జ్వరం తగ్గి, తేటగా వచ్చారు. గదిలో ఆయన, నేను, శ్యామలాంబ గారు, గుమ్మం దగ్గర డిల్లేసు. మెమో ఆయనే చదివారు. ముద్ర పగలగొట్టుట ఒకటి, సస్పెన్షనులో ఉన్న తరంగమును అధికారము లేకుండా విధులలోనికి తీసుకొనుట రెండు.

“ఒప్పుకుంటున్నానండి,” అన్నాను. “కానీ పడవలు...”

“పడవల ప్రస్తావన మెమోలో లేదు. ప్రసారం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. జరిగింది. సాక్ష్యం కూడా అక్కర్లేదు. జ్వరంతో క్వార్టరులో పడుకుని నా చెవులతో నేనే విన్నాను.”

శ్యామలాంబ గారికి ఎవరైనా విన్నామంటే చాలు. పాపం, ఐదురోజులు గోడకి చదివిన మనిషి. ఉండబట్టలేక అడిగేశారు. “ఎలా చదివానండి?”

“ఘోరంగా. ఒకసారి గట్టిగా, ఒకసారి నూతిలోంచి. పెరగడం, తగ్గడం, మళ్ళీ పెరగడం. పడవలన్నీ అన్నది వినబడింది, వెనక్కి అన్నది పూర్తిగా మాయం. బాధ్యతారహితమైన ప్రసారం. అది మూడో అభియోగంగా చేరుస్తాను.”

ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు మాత్రం వెన్ను నిటారుగా అయింది.

“సార్, నిజంగా అలాగే వినబడిందా? ఊగుతూ?”

“నేను అబద్ధమాడతానా?”

“లేదండి. తమరు నిజమే చెబుతున్నారు. అందుకే అడుగుతున్నాను.” నేను కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాను. “తమ క్వార్టరు స్తంభానికి రెండు ఫర్లాంగులు. అక్కడ నేల తరంగం ఎంత బలంగా ఉంటుందంటే గొంతు బండరాయిలా కదలకుండా నిలబడుతుంది. గొంతు పెరిగి తగ్గేది ఒక్కచోటేనండి. నేల తరంగం నీరసించిపోయిన చోట, పైనుంచి ఆకాశ తరంగం దిగే చోట. రెండూ ఒకసారి చేతులు కలుపుతాయి, ఒకసారి కొట్టుకుంటాయి. ఆ కొట్లాటలో ‘వెనక్కి’ అన్న మాట మాయమైంది. మన స్తంభానికి అలాంటి చోటు పడమటి కొండల అవతల, నూరు మైళ్ళు దాటాక వస్తుంది. తమ సొంతూరు ఏదండి?”

“అవసరమా అది?” అన్నారాయన.

“కొండలవతలే బాబూ,” అన్నాడు గుమ్మం దగ్గర డిల్లేసు, ఎవరైనా అడిగితే చెప్పే అలవాటు కొద్దీ. “ఏడు గంటల బస్సు పయానం.” అని నాలుక కరుచుకుని నేల చూపులు చూశాడు.

విరూపాక్షం గారు మెమోని తన వైపుకి లాక్కున్నారు.

“ఆ మూడో అభియోగం తప్పకుండా చేర్చండి సార్,” అన్నాను వినయంగా. “హెచ్చుతగ్గులుగా వినబడిందని తమ సంతకంతో ఉండాలి. హెడ్డాఫీసులో నాకంటే పెద్ద ఇంజనీర్లున్నారు, తమరు ఎక్కడుండి విన్నారో వాళ్ళకి చూడగానే అర్థమవుతుంది.”

విరూపాక్షం గారు కలం తీసి మూడో అభియోగం కొట్టేశారు. కాసేపటికి రెండోది కొట్టేశారు. మొదటిదాని దగ్గర కొంచెం ఆలోచించి, ముద్ర తుపాను గాలికి ఊడినట్టు రాశారు. తుపాను ఆదివారం కదా అని నేను గుర్తు చెయ్యలేదు. చివర్న నిర్ణయం రాశారు: ‘శనివారము సాయంత్రము ప్రసారము విన్నట్లు ఏ ఒక్కరును సాక్ష్యమివ్వనందున, సదరు ప్రసారము జరుగలేదని నిర్ధారించడమైనది.’

సిరా ఆరేలోగా నేను ఇంకో కాగితం ముందు పెట్టాను. గంటలోపు ప్రయాణం హెడ్‌క్వార్టరు వదిలినట్టు లెక్కలోకి రాదని మండలి నియమాల్లోనే ఉంది. తరంగం పోర్టుబ్లెయిరు చేరడానికి సెకండులో నూరోవంతు కూడా పట్టదు. కనక సస్పెన్షను రద్దు. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ఆయన చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే అనుకుంటాను.

సాయంత్రం గేటు దగ్గర పోలమ్మ ఆకులో నాలుగు చేపలు చుట్టి తెచ్చింది. వద్దన్నా వినలేదు. నేనామెని పక్కకి పిలిచి చెప్పాను. “చూడమ్మా, ఎవరైనా అడిగితే రేడియోలో విన్నానని మీ ఎల్లాజీని చెప్పొద్దను. కాగితాల ప్రకారం శనివారం మేం ప్రసారం చెయ్యలేదు. మీవాళ్ళు ఏమీ వినలేదు.”

పోలమ్మ ఆ మాటని కాసేపు తిరగేసి చూసుకుంది.

“అయితే బాబూ, కాయితాల పెకారం మావోడింకా సముద్రంలోనే ఉన్నాడేటి?”

“అంతేనమ్మా.”

“ఉండనియ్యండి,” అంది, తట్ట నెత్తికెత్తుకుంటూ. “ఇంటికాడున్నోడు ఆకలని గోల సేత్తన్నాడు. ఆడికి బువ్వ ఎట్టాల, నానెల్తాను.”